రబ్బరు తేకూడదు

ఈమధ్య రక్తపరీక్ష కోసం పొద్దున్నే పరగడుపున వెళ్ళి కూర్చున్నాను. చేతిలో టోకెను. లోపల్నించి ఆ అమ్మాయి "పదమూడు ఎవరండీ?" అని కేకేసింది. నేను లేచి, చొక్కా చెయ్యి మడుచుకుంటూ "నూట అరవై తొమ్మిది" అన్నాను. ఆ అమ్మాయి చేతిలో కాగితం ఒకసారి చూసుకుని, "అంతమంది లేరండీ ఇవాళ" అంది.

తప్పు ఆ అమ్మాయిది కాదు. 1984లో ఒక లెక్కల మాస్టారు నాకు అంటించిన జబ్బు ఇది. ఆయన క్లాసులో నా నంబరు పదమూడు. హాజరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనకూడదు. ఎవరి నంబరు వర్గం వాళ్ళు చెప్పాలి. పధ్నాలుగో నంబరు టైలరుగారమ్మాయి "నూట తొంభై ఆరు" అని గుక్క తిప్పుకోకుండా అనేసేది. దసరా సెలవులయ్యాక వర్గాలు పోయి ఘనాలొచ్చాయి. పదమూడు ఘనం రెండు వేల నూట తొంభై ఏడు. అది నోరు తిరగడానికి నాకు వారం పట్టింది. ఒకటో నంబరు వాడు మాత్రం వర్గాలప్పుడూ "ఒకటి సార్", ఘనాలప్పుడూ "ఒకటి సార్" అని హాయిగా కూర్చునేవాడు. ఆ ఏడాదంతా వాడంటే మా పదముగ్గురికీ కడుపుమంట.

మాది తెనాలి–రేపల్లె లైన్లో ఒక చిన్న స్టేషను. చుట్టూ మాగాణి, కాలవ గట్ల వెంట అరటి, మెరకలో కాస్త పసుపు. ఊరి చివర జిల్లా పరిషత్ హైస్కూలు. మాస్టారు తెనాలి నుంచి రోజూ పాసింజర్లో దిగేవారు. చంకలో గొడుగు, చేతిలో పాత పౌడరు డబ్బా. డబ్బా నిండా సుద్దముక్కలు.

ఏటా పదో తరగతిలో మా ఊరి పిల్లలు లెక్కల దగ్గరే బోల్తా కొట్టేవాళ్ళు. అందులోనూ ఆల్జీబ్రా ఉండే పేపర్ వన్. ఆ భయం పదిలో పుట్టేది కాదు, ఎనిమిదిలో మొదటిసారి ఎక్స్ కనపడ్డప్పుడే పుడుతుంది అని మాస్టారి అభిప్రాయం. అందుకని ఆ జులైలో ఎనిమిదో తరగతి వాళ్ళకి ఒక "అడ్వాన్స్ బ్యాచ్" పెట్టారు. బడి గంటకి ముందే ఎనిమిదింటికి మొదలు. ఫీజు లేదు. పై తరగతుల్లో రావలసిన వర్గ సమీకరణాల దాకా ఈ ఏడాదే వెళ్ళిపోవాలని ఆయన పట్టుదల.

చేరడానికి పరీక్ష పెట్టారు. ఒకటే ప్రశ్న. "నేను ఒక సంఖ్య తలుచుకున్నాను. దానికి రెండు కలిపితే ఎంతొస్తుంది?" రెండు సెక్షన్ల పిల్లలం కాగితాలు ఇచ్చాం. కొంతమంది అయిదన్నారు, కొంతమంది పన్నెండన్నారు, ఒకడు ధైర్యంగా వెయ్యిన్నీ రెండు అని రాశాడు. టైలరుగారమ్మాయి "మీరు తలుచుకున్నదాని కంటే రెండెక్కువ" అని రాసింది. నేను "తెలీదు" అని రాశాను. ఆ అమ్మాయిది తెలివి. నాది నిజంగానే తెలియకపోవడం. కానీ మాస్టారు ఇద్దర్నీ తీసుకున్నారు. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకున్నవాడికే ఆల్జీబ్రా చెప్పగలనన్నారు. అలా తేలినవాళ్ళం పధ్నాలుగు మందిమి. నలుగురు ఆడపిల్లలు, పదిమంది మగపిల్లలు.

మొదటి రోజు లెక్కలేమీ చెప్పలేదు. రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు తెమ్మన్నారు. మొదటి పేజీలో ఆయన చెబుతుంటే మేం సిరాపెన్నుతో క్లాసు కట్టుబాట్లు రాసుకున్నాం. "నియమాలు" అనడం ఆయనకి ఇష్టం లేదు, "కట్టుబాట్లు" అనేవారు. ప్రతి పేజీకీ కుడివైపు నాలుగు వేళ్ళ వెడల్పున నిలువు గీత కొట్టాలి. ఆ గీత అవతల రఫ్ పని, అది పెన్సిల్‌తో. ఇవతల అసలు లెక్క, అది సిరాతో. రబ్బరు బడికే తేకూడదు. రఫ్ తప్పయితే తుడవకూడదు, మీద ఒకే ఒక గీత కొట్టాలి. కొట్టేసింది కూడా చదవడానికి వీలుగా ఉండాలి. మెట్టుకి ఒక వరస. సమానాలు ఒకదాని కింద ఒకటి బావిలోకి దిగిన చేదతాడులా నిటారుగా ఉండాలి. లెక్క అయ్యాక "సరిచూచుట" అని రాసి, వచ్చిన జవాబు మళ్ళీ సమీకరణంలో వేసి చూపించాలి. సరిచూడని లెక్కకి సగం మార్కులే.

హోంవర్కు విషయంలో రెండు మాటలకే అనుమతి. "రాలేదు" అంటే పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ చెప్పేవారు, ఎన్నిసార్లయినా. "చేయలేదు" అంటే కోప్పడేవారు, కానీ ఆ కోపం అక్కడితో సరి. "మర్చిపోయాను" అనే మాట మాత్రం నిషిద్ధం. అన్నం తినడం మర్చిపోయావట్రా అనేవారు. ఇంకోటి, పాసింజరు ఆలస్యమైనా క్లాసు ఆలస్యం కాకూడదు. ఎనిమిదికల్లా లీడరు నిన్నటి లెక్క బోర్డు మీద రాయాలి, ఒకళ్ళు చెయ్యాలి, మిగతావాళ్ళు తప్పు పట్టాలి. బండి ఎంత లేటుగా వచ్చినా ఆయన గుమ్మంలో చెప్పులు విడిచి, వెనక బెంచీలో కూర్చుని, జరుగుతున్న లెక్క పూర్తయ్యేదాకా నోరు విప్పేవారు కాదు.

ఆ పేజీ అడుగున తల్లిదండ్రులకి కూడా ఒక వరస ఉంది. "క్లాసు ఉన్న రోజుల్లో తొమ్మిదింటిలోపు మా పిల్లవాడికి ఇంటిపని, పొలంపని చెప్పము." కింద సంతకం.

అదొక్కటే మా ఇంట్లో పేచీ అయింది. గేదెల దగ్గర పేడ తీసేది నేను. నాన్న ఆ పేజీని చాలాసేపు చూశాడు. ఆయనకి అక్షరాలు రావు, అంకెలు మాత్రం వచ్చు. ధాన్యం బస్తాల లెక్క, ఎకరాలు సెంట్లు, నూటికి రెండు రూపాయల వడ్డీ, అన్నీ నోటితోనే. "ఏం రాశార్రా ఇందులో?" అని నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. "పేడ సంగతి ఎవరు చూస్తారంట?" అన్నాడు. నేను మాట్లాడలేదు. అమ్మ లోపల్నించి "నేను చూస్తాలే" అంది.

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని రేషను డీలరుగారింటికి వెళ్ళాడు. ఊళ్ళో స్టాంపు ప్యాడు ఉండేది ఆ ఇంట్లోనే. బొటనవేలు తలపాగా గుడ్డతో తుడుచుకున్నాడు, ప్యాడు మీద అటూ ఇటూ దొర్లించాడు, నా నోటుబుక్కు మీద ఎంత గట్టిగా నొక్కాడంటే వెనక నాలుగు పేజీల దాకా అచ్చు దిగింది. సొసైటీ అప్పు కాగితాల మీద కూడా అంత గట్టిగా నొక్కలేదేమో. ఊదారంగులో వేలి గీతలు వరసలు వరసలుగా పడ్డాయి. దుక్కి దున్నిన చేనులా ఉందనుకున్నాను అప్పుడు.

జులై అంతా మాకు పక్షాంతరం లేదు. ఇది చాలామందికి అర్థం కాకపోవచ్చు, చెబుతాను. పక్షాంతరమంటే "అటున్న ప్లస్ ఇటొస్తే మైనస్" అని ఎవరైనా చెప్పేస్తారు. మాస్టారు ఆ మాట నోట రానిచ్చేవారు కాదు. డీలరుగారబ్బాయి మా బ్యాచ్‌లోనే ఉన్నాడు గనక వాళ్ళ కొట్లోంచి తక్కెడ, తూకపు రాళ్ళు తెప్పించారు. ఒక పళ్ళెంలో రెండు చింతపండు పొట్లాలు, ఒక నూరు గ్రాముల రాయి. రెండో పళ్ళెంలో రెండు రెండొందల రాళ్ళు, ఒక నూరు. ముల్లు నిలబడింది. "పొట్లం బరువు ఎంతో విప్పకుండా చెప్పాలి. తక్కెడ ఒరగకూడదు" అన్నారు. ఒకడు ఇటువైపు నూరు రాయి తీసేశాడు. తక్కెడ ధన్‌మని ఒరిగింది. టైలరుగారమ్మాయి వెళ్ళి అటువైపు నూరు కూడా తీసింది. నిలబడింది. రెండు పొట్లాలకి నాలుగొందలు, ఒకదానికి రెండొందలు. ఆ నెలంతా ప్రతి మెట్టు పక్కనా "ఇరువైపులా 7 తీసివేయగా", "ఇరువైపులా 2 చే భాగించగా" అని రాసి రాసి మా వేళ్ళు నొప్పులు పుట్టాయి. గుర్తు ఎక్కడికీ ఎగిరి దూకదు, రెండు పళ్ళాల్లోంచీ సమానంగా తీస్తే ఒకవైపు మాయమైనట్టు కనిపిస్తుంది, అంతే. నాకు ఆ సంగతి తక్కెడ దగ్గర తెలిసింది.

పక్షాంతరం చెప్పిన రోజు మాత్రం బాగా గుర్తు. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని తీసేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. ఊళ్ళో ఏ అరుగు మీద చూసినా రేడియో, దాని చుట్టూ పదిమంది. ఏ ఎమ్మెల్యే ఎటున్నాడో, ఎవరు గోడ దూకారో అదే మాట. ఆ వారంలో ఒకరోజు మాస్టారు వచ్చి, "నేను ఉద్యోగిని, రాజకీయాలు మాట్లాడకూడదు" అని బోర్డు వైపు తిరిగి పెద్ద అక్షరాలతో రాశారు: పక్షం మారితే గుర్తు మారును. మాకు ఒక నిమిషం పట్టింది. డీలరుగారబ్బాయి ముందు నవ్వాడు, తర్వాత క్లాసంతా. ఆయన నవ్వలేదు. "ఇవాళ్టి నుంచి మీకు పక్షాంతరానికి అనుమతి ఉంది. నెల రోజులు తూకం వేశారు గనక ఇస్తున్నా" అని లెక్క మొదలుపెట్టారు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యేసరికి మేం రెండు చరరాశుల సమీకరణాల్లో ఉన్నాం.

రెండు చరరాశులనగానే పౌడరు డబ్బాలోంచి రంగు సుద్దలు బయటికొచ్చాయి. ఎక్స్ తెల్లగా, వై పసుపుగా, జెడ్ గులాబీగా. ఇది ఆయన సొంత తెలివి అనుకున్నాం. కాదట. పాతకాలంలో మన గణితులు తెలియని రాశిని "యావత్తావత్" అనేవారని, రెండోది, మూడోది వస్తే వాటికి కాలకం, నీలకం, పీతకం, లోహితకం అని రంగుల పేర్లు పెట్టేవారని, భాస్కరాచార్యుడు అలాగే రాశాడని చెప్పారు. నలుపు, నీలం, పసుపు, ఎరుపు. ఇంగ్లీషు అక్షరం చూసి జడుసుకునే మాకు వాటి వెనక ఇలాంటి పేర్లున్నాయని తెలిశాక కాస్త ధైర్యమొచ్చింది. బొగ్గూ దొండాకూ నూరి మేమే పూసిన బోర్డు మీద ఆ పసుపు వై ఎంత బాగుండేదో.

ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం అన్నది మాత్రం నాకు చాలారోజులు దిగలేదు. మాస్టారు ఒక మనిషిని తెచ్చారు. రోజుకి మూడు రూపాయలు అప్పులో కూరుకుపోతున్న మనిషి. నాలుగు రోజుల తర్వాత వాడి పరిస్థితేంటి? ఇప్పటికన్నా పన్నెండు కింద. మరి నాలుగు రోజుల క్రితం? ఇప్పటికన్నా పన్నెండు పైన. మైనస్ మూడుని మైనస్ నాలుగుతో గుణించావు, ప్లస్ పన్నెండు వచ్చింది, చూసుకో అన్నారు. ధనం, ఋణం అనే మాటలు పాఠ్యపుస్తకం వాళ్ళు కల్పించినవి కావు, ఏడో శతాబ్దంలో బ్రహ్మగుప్తుడు ఈ సూత్రాలు ఆ మాటలతోనే చెప్పాడని కూడా అప్పుడే విన్నాను. ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్నకి గొప్పగా చెప్పాను: "నాన్నా, అప్పుని అప్పుతో గుణిస్తే ఆస్తి." నాన్న ముద్ద మింగి, "ఆ లెక్క వెళ్ళి మన షావుకారుకి చెప్పిరా" అన్నాడు.

సజాతి పదాలు, విజాతి పదాలు అని ఒక పాఠం ఉంటుంది. మూడు ఎక్స్‌నీ రెండు ఎక్స్‌నీ కూడొచ్చు, మూడు ఎక్స్‌నీ రెండు వైనీ కూడలేం. మా బడిలో ఎవరూ చెప్పకుండానే బెంచీలు పేటలవారీగా సర్దుకునేవి. ఊళ్ళో వాళ్ళు కిటికీ వైపు, పల్లె నుంచి వచ్చేవాళ్ళు గుమ్మం వైపు. ఈ పాఠం చెప్పిన సోమవారం మాస్టారు పధ్నాలుగు మందినీ లేపి, నంబర్లు చూసి కలిపి కూర్చోబెట్టారు. "కూడటానికే సజాతి కావాలి. గుణకారానికి అక్కర్లేదు. ఇక్కడ నేను గుణకారం చేస్తున్నాను" అన్నారు. ప్రతి సోమవారం మారిపోయేది. ఒకరిద్దరి ఇళ్ళ నుంచి పెద్దవాళ్ళు వచ్చి వరండాలో ఆయనతో గొంతు తగ్గించి మాట్లాడి వెళ్ళారు. తర్వాతి సోమవారం కూడా బెంచీలు మారాయి.

ఇక నా ఘనకార్యం. కార్తీకంలో మా మేనమామ కూతురి పెళ్ళికి వెళ్ళి రాత్రికి రాత్రి తిరిగొచ్చాను. హోంవర్కు ఉంది. ఒక పసుపు మడి, వెడల్పు కంటే పొడవు ఏడు గజాలెక్కువ, వైశాల్యం అరవై చదరపు గజాలు, కొలతలెంత? "చేయలేదు" అంటే సరిపోయేది. కోప్పడి ఊరుకునేవారు. నాకేం బుద్ధి పుట్టిందో, డీలరుగారబ్బాయి పుస్తకం తీసుకుని స్టేషన్లో సిమెంటు బల్ల మీద కూర్చుని ఎక్కించేశాను. వెడల్పు ఎక్స్ అనుకుంటే, ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఏడు ఎక్స్ మైనస్ అరవై సమానం సున్నా. రఫ్‌లో వాడు అరవైని విడగొట్టాడు. ముందు 15 − 4 = 12 అని రాసి, గీత కొట్టాడు. తర్వాత 12 − 5 = 7. కుదిరింది. ఎక్స్ అయిదు గాని మైనస్ పన్నెండు గాని. వెడల్పు ఋణాత్మకం కాదు కనుక మైనస్ పన్నెండుని వదిలేయాలి, వదిలేసిన కారణం కూడా వాక్యంలో రాయాలి. అన్నీ దించాను. అంతటితో ఆగకుండా, ఉత్త ఒప్పులే ఉంటే అనుమానం వస్తుందని, వాడు కొట్టేసిన తప్పుని కూడా పెన్సిల్‌తో దించి, నీటుగా గీత కొట్టాను. ఎంత ముందుచూపో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మాస్టారు పుస్తకాలు దిద్దుతూ నాది పక్కన పెట్టారు. కాసేపటికి డీలరుగారబ్బాయిది దాని మీద పెట్టారు. ఇద్దర్నీ పిలిచారు. రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరిచి, నా రఫ్ మీద వేలు పెట్టారు.

"పదిహేనులోంచి నాలుగు పోతే ఎంతరా?"

"పదకొండు సార్."

"మరి ఇక్కడ పన్నెండు వేశావే?"

"పొరపాటు సార్. కొట్టేశాను సార్."

"వాడూ పన్నెండే వేశాడు. వాడూ కొట్టేశాడు." కళ్ళద్దాల మీంచి చూశారు. "ఒప్పు పధ్నాలుగు మందికీ ఒకటే వస్తుందిరా. అందులో వింతేం లేదు. తప్పు మాత్రం ఎవరిది వాళ్ళకి ఉండాలి. ఇద్దరికీ ఒకే తప్పు ఎలా వచ్చిందో చెప్పు."

చెప్పడానికేముంది. బెత్తం బల్ల మీదే ఉంది, దాని జోలికి వెళ్ళలేదు. అరవైకి ఎన్ని జతలున్నాయో అన్నీ నా రఫ్‌లో రాసి, ఏది ఎందుకు కుదరదో పక్కన రాసుకుని రమ్మన్నారు. ఒకటీ అరవై, రెండూ ముప్పై, మూడూ ఇరవై, నాలుగూ పదిహేను, అయిదూ పన్నెండు, ఆరూ పది. ఆరు జతలు. తేడా ఏడు వచ్చేది ఒక్కదానికే. చేసి చూపించాను. అప్పటికీ ఆ కొట్టేసిన 15 − 4 = 12 ని తీసేయనివ్వలేదు. రబ్బరు లేదుగా.

సంక్రాంతి దాటాక వర్గ సమీకరణాల సూత్రం దాకా వెళ్ళాం. ఆయన అనుకున్నది అనుకున్నట్టు చేశారు. పైఏడు ఆయనకి బదిలీ అయింది. పాసింజరు ఆయన లేకుండా వచ్చింది, బ్యాచ్ అక్కడితో ఆగిపోయింది. మిగతా కథ అందరిదీ ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఇంటర్లో ఎంపీసీ, తర్వాత డిగ్రీ.

1990 మే తుఫాను వచ్చేసరికి నేను డిగ్రీలో ఉన్నాను. మచిలీపట్నం దగ్గర తీరం దాటిన ఆ తుఫాను మా డెల్టాని ఊపి వదిలిపెట్టింది. మా పెంకుటింటికి సగం పెంకులు లేచిపోయాయి. నా పాత పుస్తకాల ట్రంకుపెట్టెలో నీళ్ళు. రెండోనాడు ఎండ కాసింది. పరుపులు, బియ్యం, పుస్తకాలు, అన్నీ వాకిట్లో ఆరబెట్టాం. లాంగ్ నోటుబుక్కు పేజీలు అంటుకుపోయి ఇటుకలా ఉంది. నాన్న పీట వేసుకుని కూర్చుని, చినగకుండా ఒక్కో పేజీ విడదీస్తున్నాడు. మొదటి పేజీలో కట్టుబాట్లన్నీ కరిగిపోయి నీలం నీళ్ళు. వేలిముద్ర ఉన్నచోట ఊదారంగు మరక. లోపల కూడా అంతే. సిరాతో వేసిన లెక్కలు, నిటారుగా దిగిన సమానాలు, సరిచూచుటలు, ఏవీ లేవు. కుడిచేతి పక్కన నాలుగు వేళ్ళ వెడల్పున పెన్సిల్ రాతలు మాత్రం నిన్న రాసినట్టు ఉన్నాయి.

నాన్న ఒక పేజీ దగ్గర ఆగి, ఎండకి ఎత్తి పట్టుకుని, కళ్ళు చికిలించి చూశాడు.

"ఒరే, ఇది నీ రాతేనా?"

"నాదే నాన్నా."

"పదిహేన్లో నాలుగు పోతే పన్నెండా? దీనికట్రా నాచేత వేలిముద్ర వేయించావు?"